గడ్డం ఎత్తితే చెయ్యి తీసెయ్యాలి

నిన్న పక్కింటి తలుపులకు రంగు వేస్తుంటే టర్పెంటైన్ వాసన మా ఇంట్లోకి వచ్చింది. వెంటనే సూరమ్మ గుర్తొచ్చింది. పంతొమ్మిదివందల అరవైల చివర్లో కొత్తవలస దగ్గరి ఒక పల్లెలో నేను కొత్తగా చేరిన పశువుల డాక్టర్ని. ఆమె గొర్రెలు మేపుకునే మనిషి.

ఆమె మందకు కాపలా ఉండే కుక్క చుక్కి. దాని చెవిలో పుండుపడి పురుగులు పట్టాయి. నేను చదువుకున్న పద్ధతిలో మూతికి తాడు బిగించి, నలుగురిచేత అదిమిపట్టించి, టర్పెంటైన్ పోశాను. చుక్కి గింజుకుని పారిపోయి రెండు రోజులు కనబడలేదు. తిరిగొచ్చేసరికి పుండు లోతుకు దిగింది. ఇలాగే వదిలేస్తే బతకదని చెప్పి, మళ్ళీ తాడు తెమ్మన్నాను.

"తాడొద్దు బాబూ," అంది సూరమ్మ. "పుండు ఒక్కరోజులో మానిపోతాదేటి? రోజూ కడగాల. కట్టీసి సేస్తే రేపు నీకు దొరుకుతాదా?"

నేలమీద కూర్చుని అరచెయ్యి చాపింది. చుక్కి వచ్చి అందులో గడ్డం ఆనించింది. ఒంటికి పట్టి రక్తం పీల్చే గోమార్లు ఏరడానికి కూనగా ఉన్నప్పటినుంచీ అలా అలవాటు చేసిందట. గడ్డం చేతిలో ఉన్నంతసేపే పని. ఎత్తితే చెయ్యి తీసెయ్యాలి. మళ్ళీ ఆనిస్తే కాస్త చోడిముద్ద, అదే రాగిముద్ద, పెట్టాలి. కుక్క సరేననేదాకా డాక్టరు కాచుకోవడమేమిటని నాకు ఒళ్ళు మండింది. అయినా వేరే దారిలేక కూర్చుని, అది గడ్డం ఆనించినప్పుడల్లా ఒక్కో పురుగూ తీశాను.

మూడోరోజుకి ఒక్క పురుగు మిగిలింది. అప్పుడే చుక్కి గడ్డం ఎత్తింది. ఒక్క క్షణమే కదా అని చెవి పట్టుకుని ఆ పురుగుని లాగేశాను. అది కుయ్యోమంటూ దూరంగా పోయింది. నేను గొప్పగా పురుగుని చూపించాను.

"పురుగొచ్చినాది, కుక్క పోయినాది," అంది సూరమ్మ. "రేపు మందు ఎవులికి రాస్తావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. "నువ్వే రాసెయ్యి సూరమ్మా," అన్నాను.

"ఈ నాలుగు రోజులూ రాస్తాను. సెడగొట్టినోడివి నువ్వు, బాగుసెయ్యాల్సింది నువ్వే. రేపు ఇంకో కుక్కొస్తే నన్ను పిలుస్తావేటి?"

పట్టుదలతో రోజూ సాయంత్రం వెళ్ళి ఉత్త చెయ్యి చాపుకుని కూర్చున్నాను. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. చుక్కి మొదటిరోజు మొహం తిప్పుకుంది. తర్వాత దూరంనుంచే వాసన చూసింది. నాలుగోరోజు మెల్లగా వచ్చి నా అరచేతిలో గడ్డం పెట్టింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడుపు తరవాత బాబూ, ముందు మందు రాయి," అంది సూరమ్మ.

చెవి మానింది. తర్వాత సర్వీసంతా ప్రతి జంతువు దగ్గరా అలాగే కాచుకున్నాను, తోటివాళ్ళు నన్ను నత్తడాక్టరనే పిలిచారు. పిలవనీ. చెయ్యి వెయ్యడం నాకు చాలామంది నేర్పారు. తియ్యడం నేర్పింది ఆవిడొక్కతే.