లీవెన్ కొత్త చక్రాలు

లీవెన్‌కు వారం మొత్తానికీ ఉన్నది ఒక్క ఆదివారమే. వేర్నే ఊరి పక్కన ఇటుకల ఫ్యాక్టరీలో పని, ఇంటికొస్తే ఎదురుగా ఖాళీ కుర్చీ. భార్య హిల్డ పోయి నాలుగేళ్లు. ఆదివారం క్లబ్బు మొదటి గుంపుతో ఎనభై కిలోమీటర్లు సైకిలు తొక్కి, అందరితో కూర్చుని బీరు తాగితేనే అతని నోట నాలుగు మాటలు వచ్చేవి.

క్లబ్బులో ఒక నియమం ఉంది. వరుసగా మూడు ఆదివారాలు వెనకబడినవాడు నెమ్మదిగా వెళ్లే రెండో గుంపుకు మారాలి. లీవెన్ అప్పటికి వరుసగా రెండుసార్లు వెనకబడ్డాడు. యాభై ఆరేళ్లొచ్చాయి, కాళ్లు అలిసిపోయాయి అని ఒప్పుకుంటే పోయేది. ఒప్పుకుంటాడా! తప్పంతా సైకిలు మీదకు నెట్టి, రెండు నెలల జీతం పోసి, పందేలవాళ్లు వాడే తేలికైన కార్బన్ చక్రాలు కొన్నాడు. పక్కనుంచి చూస్తే వాటి అంచులు అరచెయ్యంత వెడల్పు.

"అబ్బో, పెళ్లికొడుకులా దిగావే!" అన్నాడు ఆ ఆదివారం, గుంపులో నోటి దురుసు మనిషి రెమి. "ఇంక మమ్మల్ని కూడా లాక్కెళ్తావన్నమాట!"

"చూస్తావుగా" అని లీవెన్ నవ్వాడు.

గుంపు పెద్ద అహీల్, హిల్డకు అన్న. అరవై నాలుగేళ్లొచ్చినా పాత ఇనప సైకిలే తొక్కుతాడు. అతను ఆ చక్రాలను కాసేపు చూసి, "బాగున్నాయి లీవెన్" అన్నాడు.

కాలువ గట్టు మీదకు రాగానే సముద్రం వైపు నుంచి పక్కగాలి కొట్టింది. అందరూ ఒకరి చాటున ఒకరు ఏటవాలుగా వరుస కట్టారు. గాలికి ఎదురు నిలిచే ముందు చోటుకు వంతులవారీగా వెళ్లాలి.

"నీ వంతు లీవెన్, రా!" అని రెమి కేకేశాడు.

లీవెన్ ముందుకు వెళ్లాడు. మూడు నిమిషాలైనా గడవలేదు. ఆ వెడల్పాటి అంచులు గాలిని తెరచాపలా పట్టి సైకిలును గట్టు అంచుకు ఈడ్చేశాయి. పుట్టి పెరిగింది ఆ గాలిలోనే, అయినా చక్రాలు కొనేటప్పుడు దుకాణంలో గాలి లేదన్న సంగతే తోచలేదు పాపం. అతను నిలదొక్కుకునేసరికి వరుస దూరమైపోయింది. ఎవరూ వెనక్కి చూడలేదు.

అందరి కంటే నలభై నిమిషాలు ఆలస్యంగా బీరు దుకాణం చేరాడు. గోడ మీది పలక మీద అతని పేరు రెండో గుంపులో ఉంది. రాత అహీల్‌ది.

"ఎందుకు ఆగలేదు బావా?"

"ఎందుకాగాలి? నాలుగేళ్లుగా నీకు గాలి తగలకుండా అడ్డం ఉన్నది నేనే కదా. నీ వంతు వచ్చి నిమిషం కాకముందే నేనే ముందుకెళ్లిపోయేవాణ్ణి. నీకు తెలీదూ?"

లీవెన్‌కు తెలియదు; అహీల్‌కు తొందరెక్కువ అనుకునేవాడు.

"పోయేముందు హిల్డ అడిగింది, నిన్ను ఒంటరిగా వదలొద్దని. ఇవాళ ఆ చక్రాలు చూసి, ఇంక నాతో పని లేదనుకున్నా. నిజం చెప్పొద్దూ, సంతోషించాను కూడా. నాకూ ఓపిక అయిపోయింది లీవెన్."

లీవెన్ బీరు తాగాడు గానీ ఆ రోజు నోట మాట రాలేదు. పై ఆదివారం రెండో గుంపు అతనికోసం పది నిమిషాలు ఆగి చూసి, బయల్దేరిపోయింది.