గుర్రం మీద రైతు, గట్టు మీద నేను

నాకు ఇంగ్లీషు వచ్చునని నమ్మడం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఒకటి. ఆ ఇంగ్లీషుతో మా బావ కోపాన్ని చల్లార్చవచ్చుననుకోవడం దాని తోడబుట్టింది. మొదటిదాన్ని బడిలో పిల్లలు ఏనాడో కనిపెట్టి మర్యాదకు ఊరుకున్నారు. రెండోదాన్ని మాత్రం నెల్లూరులో ఒక ఆదివారం ఉదయం ఆట చూస్తూ నాకు నేనే కనిపెట్టుకోవలసి వచ్చింది.

అరవైల తొలి రోజులు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే కొత్త అయ్యవారిని నేను. మకాం అక్కా బావల ఇంట్లో. సముద్రం కనిపించేంత దగ్గర కాదు గాని, జువ్వలదిన్నె నుంచి ఎండుచేపల బుట్టలు మా ఊరి మీదుగానే పోయేవి కనుక సముద్రం ఉందన్న సంగతి మరిచిపోయే వీలు లేదు. బావ రైతు. మాట తక్కువ, పని ఎక్కువ, కోపం మాత్రం ఆ రెండూ కలిపినంత.

ఆ కోపానికి కారణం ఒక మట్టిగట్టు. మా బావ చేనికీ, పై చేను పెద్దాయన చేనికీ మధ్య ఉండేది. మా వైపు పద్ధతి ఏమంటే, ఏటా నాట్లకు ముందు ఇద్దరు రైతులూ గట్టును చెరో పక్కా చెక్కాలి. గడ్డీ ఎలుకబొక్కలూ పోయేట్టు పైపైన చెక్కి, మెత్తటి బురదతో మెత్తుతారు. పెద్దాయన పైపైన చెక్కే మనిషి కాదు. తన వైపు జానెడు లోపలికి చెక్కించి, ఆ మట్టిని తన చేలో కలిపేసుకునేవాడు. గట్టు సన్నబడితే మడిలో నీళ్ళు నిలవవు. నీళ్ళు నిలవాలంటే బావ తన వైపు మట్టి వేసి గట్టును బలపరచుకోవాలి. అంటే ఏడాదికి జానెడు చొప్పున గట్టు మా మీదికి నడిచి వచ్చేది. నడక మెల్లగానే ఉన్నా అలుపు మాత్రం లేదు.

బావ ఒకసారి అడిగితే పెద్దాయన నింపాదిగా నవ్వినాడట. "నేనేం చేసేది నాయనా, గట్టే నీ దగ్గరికొస్తుండాది. నువ్వంటే దానికి ప్రేమ."

ఆ ఏడు నారు ఎదిగి నాట్లు దగ్గర పడుతున్న రోజుల్లో అక్క నన్ను దొడ్లోకి పిలిచింది.

"మీ బావ కొడవలి నూరుతుండాడు తమ్ముడా."

"నూరితే ఏమైందక్కా?"

"కోతలకు ఇంకా నాలుగు నెలలుండాయిరా."

అప్పుడు గాని నాకు సంగతి అర్థం కాలేదు. ఆయన పెద్దాయన మీదకు పోతే తగిలేది ఎవరికైనా, జైలుకు పోయేది బావ. మిగిలేది అక్క, ఆ రెండెకరాలు. "నువ్వు చదువుకున్నోడివి. ఆయన్ను కాస్త మరిపించు. నాట్లు పడితే ఇంక పనిలో పడిపోతాడు" అంది అక్క.

చదువుకున్నవాడు ఏం చేస్తాడు? ఇంగ్లీషు సినిమాకు తీసుకుపోతాడు. నెల్లూరులో ఆదివారాలు ఉదయం ఆట ఇంగ్లీషు బొమ్మ వేసేవారు. గోడ మీద కాగితంలో ఒక టోపీవాడు గుర్రం మీద దూకుతున్నాడు. బావకు పశువులంటే ప్రాణం కనుక గుర్రాలు చూసి సంతోషిస్తాడనుకున్నాను. కథ ఏమిటో కనుక్కోవాలని మాత్రం తోచలేదు. అదీ నా చదువు.

తొలి బస్సులో పోయి కుర్చీల్లో కూచున్నాం. దీపాలు ఆరిపోయాయి. తెర మీద గుర్రానికి బదులు నాగలి వచ్చింది. వెనక ఒక పడుచు రైతు. అవతల మొక్కజొన్న చేను, దాని చుట్టూ కంచె. నాలుగు నిమిషాలు గడిచాయో లేదో, పశువుల మందలున్న ఒక ఆసామి మనుషులు వచ్చి ఆ కంచె గుంజలు పీకి, పదడుగులు ఇవతలికి తెచ్చి పాతడం మొదలుపెట్టారు.

నా గుండె గుంజతో పాటు కదిలింది.

"ఏందబ్బా వాళ్ళు చేసేది?" అన్నాడు బావ.

"కంచె బాగు చేస్తుండారు బావా. పాతదైపోయిందంట."

"బాగు చేసేదానికి తుపాకులెందుకు?"

"ఆ దేశంలో పాములెక్కువ."

నిజం చెప్పాలంటే, నిజం చెప్పాలన్నా నాకు వీలయ్యేది కాదు. వాళ్ళు ఇంగ్లీషును పుగాకులాగా నమిలి, సారం మింగి, పిప్పి మన మీదికి వదులుతారు. నేను బడిలో చెప్పే ఇంగ్లీషుకూ దానికీ చుట్టరికం ఉన్నట్టే తోచలేదు. రానిదాన్ని రాదనకుండా, తెలిసినదాన్ని తెలియనివ్వకుండా రెండు గంటలు నడపవలసిన బండి అది. నేను చేసింది అనువాదం కాదు, అపవాదం. ఆ మందల ఆసామి చాలా ధర్మాత్ముడని చెప్పాను. పడుచు రైతు ఇల్లు తగలబడితే పొయ్యిలో నిప్పు ఆర్పలేదన్నాను. వాడు తుపాకీ తీసుకుని గుర్రమెక్కి కొండల్లోకి పోతే, పెళ్ళి సంబంధం చూడబోతున్నాడన్నాను.

"ఒక్కడే పోతుండాడే. పెద్దలెవురూ లేరా?"

"వాళ్ళల్లో అట్నే పోతారు."

అంతసేపూ మా వెనక కుర్చీలో ఓపికగా ఉన్న ఒకాయన ముందుకు వంగినాడు. "సారూ, మీరు చెప్పే సినిమా బాగుండాది. అది యాడ ఆడుతుండాది?" అన్నాడు.

అక్కడితో నా నోరు మూతపడింది. మిగిలిన సగం బావ తనంతట తాను చూశాడు. గుర్రాలు పరుగెత్తాయి, తుపాకులు పేలాయి, బ్యాంకులు కొల్లపోయాయి. పడుచు రైతు గడ్డం పెంచి బందిపోటై, చివరికి ఆ ఆసామిని చంపి, తనూ బండల మీద వెల్లకిలా పడి చచ్చిపోయాడు. జనం ఈలలు వేశారు. నేను ఓరకంట బావ ముఖం చూశాను. ఆయన రెప్ప వేయకుండా తెర వంక చూస్తున్నాడు. ఇంటికి పోగానే అక్క నన్ను ఏమంటుందో ఒక్కొక్క మాటే వినిపిస్తూ వచ్చింది నాకు.

హోటల్లో కారం దోసెలు వచ్చాయి. బావ సగం తిని ఆగినాడు.

"వాడు గుర్రమెక్కినప్పుడు చేలో కంకి పాలు పోసుకునుండాది. చూసినావా అయ్యోరా?"

నేను చూడలేదు. నేను తుపాకీ చూస్తున్నాను.

"మళ్ళీ ఆ చేను చూపిస్తారేమోనని కడదాకా చూసినా. చూపించలేదు. ఎవురు కోసినారంటావు?"

"తెలీదు బావా."

"ఎవురూ కోసుండరు. పిట్టలు తినుంటాయి." ఆయన గొంతులో ఆ మాటకు వచ్చిన బాధ ఆ చచ్చిపోయినవాడి కోసం రాలేదు. "పది అడుగులు పోయినాయని మొత్తం చేను బీడుపెట్టి పోయినాడు. వాడేం రైతబ్బా? నేను కొడవలెత్తి ఆయన మీదకు పోతే, నా నారు ఎవురు పీకుతారు? నువ్వా?"

నా చేతుల వంక చూసుకున్నాను. సుద్దముక్కకు తప్ప దేనికీ అలవాటు పడని చేతులు. ఆయనా చూసి, నవ్వి, మిగిలిన దోసె తిన్నాడు. చేయి కడుక్కుంటూ, "పాములెక్కువంట. తుపాకీతో పాముల్ని కొట్టే దేశమంట" అన్నాడు. మొదటి అబద్ధంతోనే దొరికిపోయినా నన్ను సగం సినిమా దాకా మాట్లాడనిచ్చాడన్న మాట.

ఆ సాయంత్రమే కొడవలి చూరులోకి ఎక్కింది. అక్క నన్ను దేవుణ్ణి చూసినట్టు చూసి, రెండు గరిటెల నెయ్యి వేసింది. నేను కాదనలేదు. దేవుళ్ళు కూడా అన్నీ తామే చేయరు కదా అనుకున్నాను.

అయితే సినిమా చేసే పని సినిమా చేసింది. ఎటొచ్చీ పట్టుకోవలసిన మనిషిని వదిలేసి నన్ను పట్టుకుంది. మర్నాటి నుంచి ఆ పడుచు రైతు నా లోపల గుర్రం కట్టేసుకుని కూచున్నాడు. దారిలో పెద్దాయన ఎదురైతే నా కుడిచెయ్యి దానంతటది నడుము దగ్గరికి పోయేది. అక్కడ పంచె ముడి తప్ప ఏమీ లేదు. "ఏమయ్యోరా, బావను నెల్లూరంతా తిప్పినావంట. ఈ ఏడన్నా ఆయనకు గట్టు చెక్కడం నేర్పరాదా?" అని ఆయన నవ్వితే, "చిత్తం" అని నేను పక్కకు తప్పుకునేవాణ్ణి. బందిపోట్లలో అంత మర్యాదస్తుడు మరొకడు ఉండడు.

పెద్దాయన ఆ ఏడూ జానెడు చెక్కించాడు. బావ నిట్టూర్చి, పార తీసుకుని తన వైపు బురద మెత్తడానికి బయలుదేరాడు. నేనూ వస్తానంటే వింతగా చూశాడు.

"ఆ గోతంలో ఏంది?"

"తాటి టెంకలు బావా." పండ్లు రాలే కాలం. ఊరి చుట్టూ తిరిగి నలభై ఏరాను. ఆ టోపీవాడి తుపాకీలో ఆరే గుండ్లు.

బావకు వివరించనక్కరలేకపోయింది. ఒక్క క్షణం గోతం వంక, ఒక్క క్షణం నా వంక చూసి, పారతో గట్టు నడినెత్తిన గుంటలు తీసుకుంటూ ముందు నడిచాడు. నేను టెంక పెట్టి బురద కప్పుతూ వెనక నడిచాను. సాయంత్రానికి నా నడుము విరిగింది, కాలికి జలగ పట్టింది, టెంకలు అయిపోయాయి. బయటికి చూస్తే ఏమీ లేదు, కొత్తగా మెత్తిన గట్టు.

తాటి టెంక తొందరపడదు. ముందు నేలలోకి మూరెడు వేరు దించి, తాను నిలదొక్కుకున్నాకే పైకి ఒక ఆకు పంపుతుంది. ఆ ఆకు పట్టుకుని గుంజితే ఆకు చేతికొస్తుంది గాని మొక్క రాదు. మరుసటి ఏడు పెద్దాయన కూలీలు కొన్నింటిని కోసినారు, అవి మళ్ళీ చిగిర్చాయి. ఆ పై ఏడు గట్టు లోపలికి చెక్కబోతే పార వేళ్ళకు తగిలి మొండిదైపోయింది. పోయిన నేల పోయిందే గాని, గట్టు మాత్రం నడవడం మానేసింది.

ఒకరోజు బడి నుంచి వస్తుంటే పెద్దాయన ఆ గట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి.

"ఇవి ఎవురు నాటినారయ్యోరా?"

"నక్కలైయుంటాయి పెద్దయ్యా. పండు తిని టెంక వదిలేసి పోతాయి."

ఆయన గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "బారెడు బారెడు దూరానా, వరస తప్పకుండానా?"

"మా బడిలో చదువుకున్నయ్యేమో" అన్నాను. ఈసారి పక్కకు తప్పుకోకుండా, ఆయనే దారి ఇచ్చేదాకా నిలబడ్డాను.