నీలం పైపు, చిల్లుల క్లిప్పు

ఎనిమిదేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అది మింగుడుపడదు, బయటికీ రాదు. మా ఆవిడకు చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కళ్లు తెరిచేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. ఊరు మాత్రం దాచను, బందరు. పనీ దాచను. కార్ల మెకానిక్‌ని.

ఒక మనిషి మీద పగ తీర్చుకున్నాను. చెయ్యి చేసుకోలేదు, మాట తూలలేదు. ఆయన కారుకు రేడియేటర్ పైపు మార్చాను. వినడానికి నవ్వొస్తుంది కదా? మొదట్లో నాకూ వచ్చేది.

ఆయన అప్పట్లో మా చర్చి సంఘానికి సెక్రటరీ. ఇప్పుడు ఆ పదవిలో లేకపోయినా అందరూ సెక్రటరీ గారనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. రొయ్యల మేత డీలరు. బందరు నుంచి అవనిగడ్డ దాకా ఆయన మేత పడని చెరువు తక్కువ. మంచి గొంతు. ప్రార్థన చేస్తే ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవారు. నియమం తప్పని మనిషి అని పేరు. నియమం ఎవరి మెడకు బిగుస్తుందో చూడని మనిషి అని నేనంటాను.

మా అమ్మది పెడన. అద్దకం పని చేసే హిందూ కుటుంబం. నాన్నను చేసుకున్నాక బాప్తిస్మం తీసుకుంది కానీ పుట్టింటిని వదులుకోలేదు. మావయ్య కూతురి పెళ్లికి మేనత్తగా వెళ్లి, పెళ్లికూతురికి బొట్టు పెట్టి, తనూ పెట్టించుకుని, హారతి పళ్లెం పట్టుకుంది. ఎవరో ఫోన్‌లో ఫొటో తీశారు. ఆ ఫొటో సెక్రటరీ గారికి చేరింది.

మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభు బల్ల ఉంటుంది. పళ్లెంలో రొట్టె ముక్కలు, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. తప్పు చేశారని సంఘం అనుకున్నవాళ్లకు అది ఇవ్వరు. మళ్లీ ఇవ్వాలంటే ఆ మనిషి అందరి ముందూ లేచి నిలబడి తప్పు ఒప్పుకోవాలి. ఫొటో చేరాక వచ్చిన మొదటి ఆదివారం సెక్రటరీ గారు అలాంటివాళ్ల జాబితాలో అమ్మ పేరు చదివారు. అమ్మ లేవలేదు. మేనకోడలికి బొట్టు పెట్టడం పాపమైతే ఆ పాపం తనకే ఉండనీ అని ఇంటికొచ్చాక అంది. ఆ మాట గట్టిగానే అంది. కానీ ఆ తర్వాత ప్రతి మొదటి ఆదివారం చివరి వరసలో కొంగు నెత్తిమీదికి లాక్కుని కూర్చునేది. సెక్రటరీ గారు పళ్లెం పట్టుకుని వరస వెంబడి వచ్చేవారు. అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి ఆమెను దాటుకుని పక్కావిడ ముందు ఆగేది. రెండేళ్లు అలా దాటింది. నేను చూస్తూ కూర్చున్నాను.

తర్వాత అమ్మ మంచం పట్టింది. ఆఖరి వారంలో ఏమీ తినలేక, ఒక్క రొట్టె ముక్క ఇప్పించమని అడిగింది. ఏ రొట్టో నాకు తెలుసు. సెక్రటరీ గారింటికి పరిగెత్తాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. అందరి ముందూ ఒప్పుకోనిదే ఇంటికి తెచ్చి ఇవ్వడం కుదరదన్నారు, పేపర్లోంచి తల ఎత్తకుండానే. లేవలేని మనిషి ఎలా నిలబడుతుందండీ అని అడిగాను. పేజీ తిప్పారు. రెండు రోజులకు అమ్మ పోయింది. సమాధి దగ్గర ప్రార్థన ఆయనే చేశారు. చాలా బాగా చేశారు. ఆయన ఆమెన్ అన్నప్పుడు నేను అనలేదు. నా పగ వయసు ఆ రోజు నుంచి లెక్కపెట్టుకోవచ్చు.

ఏడాది తిరిగేసరికి సెక్రటరీ గారు కారు కొన్నారు. మామూలు కారు కాదు. ఫారిన్ కంపెనీది, టర్బో ఇంజను, రెండు చేతులు మారి వచ్చింది. యాభై దాటాక ఆయనకు స్పీడు పిచ్చి పట్టింది. గుడివాడ రోడ్డు ఖాళీగా ఉంటే ఎంతలో వెళ్లానో చూడమని మీటరు ఫొటో తీసి చూపించేవారు. లోకాశలు వద్దని ఆదివారం చెప్పే నోరే అది. అలాంటి కారు మీద చెయ్యి వేసేవాడు బందరులో నేనొక్కణ్ణే. హైదరాబాదులో రేసు కార్లు సరిచేసే గ్యారేజీలో ఆరేళ్లు పనిచేసి వచ్చాను. అలా ఆయన కారు నా షెడ్డుకు వచ్చింది. వెతక్కుండానే తీగ కాలికి తగిలింది.

పైపు పాతబడింది. వేలితో నొక్కితే మగ్గిన అరటిపండులా లోపలికి పోతోంది, అంచు ఉబ్బింది. మార్చక తప్పదు. కంపెనీ రకం నల్ల రబ్బరు పైపు వేయమంటారా, సిలికాన్ పైపు వేయమంటారా అని అడిగాను. ఆయనకు నీలం రంగు సిలికాన్ పైపే కావాలి. బెజవాడలో ఎవరి కారులోనో చూశారట. అది మంచి పైపే, అబద్ధం చెప్పను. టర్బో వేడికి రబ్బరు కంటే బాగా ఆగుతుంది. కానీ సిలికాన్ మెత్తన. దాన్ని పట్టుకునే క్లిప్పు లోపలివైపు నున్నగా ఉండాలి. మామూలు క్లిప్పు పట్టీకి వరసగా చిల్లులుంటాయి. బిగించేకొద్దీ సిలికాన్ ఆ చిల్లుల్లోకి ఉబికి వస్తుంది, చిల్లుల అంచులు దాన్ని కొద్దికొద్దిగా కోస్తాయి. ఇది ఆ పని నేర్చుకున్నవాడికి మొదటి వారంలో చెప్పే సంగతి. నున్నటి క్లిప్పులు నా దగ్గర నాలుగున్నాయి. సొరుగు లాగాను. చూశాను. మూసేశాను.

ఎప్పుడు నిర్ణయించుకున్నాను? సొరుగు లాగినప్పుడా, మూసినప్పుడా? వరండాలో పేజీ తిప్పిన చప్పుడు విన్నప్పుడేనా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒకే సమాధానం రాదు. ఆ తర్వాత చేసింది మాత్రం బాగా గుర్తు. మేకుకు వేలాడుతున్న చిల్లుల క్లిప్పులు రెండు తీసి ఆయన ముందు పెట్టాను. రొయ్యల చెరువు పంపులకు అందరూ వేసేవే.

మా సముద్రం పక్క ఊళ్లలో ఇనుప సామాను ఏది కొన్నా జనం అడిగేది ఒకటే ప్రశ్న. ఉప్పుగాలికి అన్నీ పొడైపోతాయి కాబట్టి, తుప్పు పట్టకపోతే చాలు, అది మంచి వస్తువే. ఆయనా అదే అడిగారు. క్లిప్పును వెలుగులోకి తిప్పి చూశారు.

"ఇయ్యి తుప్పు పట్టవు గదయ్యా?"

"పట్టవండి. మంచి స్టీలు."

"చెరువు కాడ మోటార్లకి ఏసినయ్యి ఆర్నెల్లకే రాలిపోయినయ్యి. అందుకడుగుతున్నా."

"ఇవి మన తర్వాత కూడా ఉంటాయండి."

"నీ సొంత కారైతే ఇయ్యే ఏస్తావా?"

"ఇవే వేస్తానండి."

"సరే, కానీ. నీ పనితనం మీద నాకు నమ్మకం."

తుప్పు గురించి నేను చెప్పింది నిజం. ఆ స్టీలు ఇప్పటికీ మెరుస్తూనే ఉండి ఉంటుంది. చివరి జవాబు ఒక్కటే అబద్ధం. ఆ ఒక్కటి ఆయన అడగకుండా ఉంటే ఈ రోజు నన్ను నేను ఎలాగోలా సమర్థించుకునేవాణ్ణేమో. అడిగారు. నేను కళ్లలోకి చూసి చెప్పాను.

నెల తర్వాత చెకింగ్‌కని మళ్లీ వచ్చారు. బానెట్ ఎత్తి చూస్తే నేననుకున్నట్టే జరుగుతోంది. ప్రతి చిల్లులోంచి నీలం రంగు బుడిపెలా పైకి వచ్చింది. పది నిమిషాల్లో క్లిప్పులు మార్చేయవచ్చు, ఆయనకు తెలియను కూడా తెలియదు. దేవుడు ఇంకో అవకాశం ఇవ్వడమంటే అదే కదా? నేను స్క్రూ డ్రైవర్ తీసుకుని ఇంకో అర తిప్పు బిగించాను. మొదటిసారిది కోపం అనుకుందాం. ఇది కోపం కాదు. టీ తాగి వచ్చి, తీరుబడిగా బిగించాను. సంతోషంగా కూడా ఉంది.

నేననుకున్నదేమిటంటే, నడిరోడ్డు మీద నీళ్లన్నీ కారిపోతాయి, ఇంజను పట్టేస్తుంది, ఆయన గర్వం రోడ్డు పక్కన పొగలు కక్కుకుంటూ ఆగుతుంది. ఎండలో చెయ్యి ఊపుతూ ఆటో కోసం నిలబడతారు, ఎవరూ ఆగకుండా దాటిపోతారు. ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు ఊహించుకుని నిద్రపోయానో. మనుషుల ఒళ్లు కాలడం ఆ ఊహలో లేదు. లేదనే అనుకుంటున్నాను. కానీ ఇరవై ఏళ్లుగా మరిగిన రేడియేటర్ల మధ్య బతుకుతున్నవాడికి ఆ సంగతి తట్టలేదంటే మీరు నమ్ముతారా? వేడి మీద పైపు ముట్టుకోవద్దని ప్రతి కస్టమరుకీ చెబుతాను. ఆయనకు చెప్పలేదు.

అవనిగడ్డ వెళ్లి వస్తుండగా, చల్లపల్లి దాటాక, మధ్యాహ్నం పూట ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. కాలవ పక్కన ఆపి బానెట్ ఎత్తారు. ఆవిరి ఎక్కడి నుంచి వస్తోందా అని వంగి పైపు మీద చెయ్యి పెట్టారు. క్లిప్పు అంచున పైపు తెగి ఊడిపోయింది. మరుగుతున్న నీళ్లు కుడిచెయ్యి మీద, మోచేతి దాకా పడ్డాయి. కారులో ఆయన భార్య కూడా ఉంది. మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు సంఘం అంతటిలో జావ కాచి తెచ్చింది ఆవిడొక్కతే. ఆ రోజు ఆవిడ కూడా దిగి వంగి చూసి ఉంటే? ఈ ప్రశ్న మాత్రం నన్ను కూర్చోనివ్వదు.

కారును లాక్కుని నా షెడ్డుకే తెచ్చారు. పైపు కొస చేతిలోకి తీసుకున్నాను. చిల్లుల వరస ఎలా ఉందో కోత అలాగే ఉంది. నేను పెట్టిన సంతకం అది. ఎవరూ చూడకముందే దాన్ని ముక్కలు చేసి చెత్తలో పారేశాను. కొత్త పైపు వేసి, సొరుగులోని నున్నటి క్లిప్పులు పెట్టాను. ఆయనకు నా మీద వీసమెత్తు అనుమానం రాలేదు. వేడి పైపు మీద చెయ్యి పెట్టడం తన తెలివితక్కువేనని అందరితో అన్నారు. ఆ చేతి చివరి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

కట్టు విప్పాక వచ్చిన మొదటి ఆదివారం, బల్లకు ముందు, సెక్రటరీ గారు లేచి నిలబడ్డారు. ఆయనంతటాయనే. చర్మం ముడతలుపడిన ఆ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించి, ఈ చేత్తోనే ఒక సహోదరి ముందు నుంచి పళ్లెం తప్పించానని, చావు మంచం మీద అడిగినా ఇవ్వలేదని, అందుకే దేవుడు దీన్ని మొత్తాడని చెప్పారు. మా అమ్మ పేరు చెప్పారు. ఆ గొంతు మొదటిసారి తడబడడం విన్నాను. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా ముందు తల వంచుకుని నిలబడ్డారు. సంఘమంతా ఏడ్చింది. మా ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. లేవలేని రోగులకు ఏ షరతూ లేకుండా ఇంటికే రొట్టె తీసుకెళ్లాలని అదే నెలలో తీర్మానం చేయించారు. ఇప్పటికి ముగ్గురు ముసలివాళ్లు అలా తీసుకుని కన్నుమూశారు.

నేను కోరుకున్నదంతా దొరికింది. కోరుకోనిదీ దొరికింది. మరి ఆ రోజు నా ఒళ్లు ఎందుకు మండింది?

ఎందుకో చెబుతాను. నేను చేసిన పనిని ఆయన దేవుడి ఖాతాలో వేశారు. నా పగ ఆయనకు తెలియనే లేదు. తెలియని పగ ఏం పగ? ఆయన దెబ్బ తిన్నారు, ఏడ్చారు, క్షమాపణ అడిగారు, అంతా దేవుడితోనే. మధ్యలో నేను లేను. ఆయన తల వంచుకుని నిలబడినప్పుడు భుజం మీద చెయ్యి వేశాను. చూసినవాళ్లు క్షమించాననుకున్నారు. చెవి దగ్గర వంగి నిజం చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది.

ఎందుకు చెప్పలేదు? ధైర్యం లేక అనుకునేవాణ్ణి. అదొక్కటే కాదు. దేవుడు కొట్టాడని పశ్చాత్తాపపడ్డ మనిషికి, కొట్టింది ఒక మెకానిక్ అని తెలిస్తే ఆ పశ్చాత్తాపం నిలుస్తుందా? అమ్మ విషయంలో ఒప్పుకున్న తప్పును మళ్లీ వెనక్కి లాక్కుంటారా? ఆ భయంతో నోరు మూసుకున్నాను. లాక్కుంటే చూడాలని ఇంకో పక్క ఆశ. చూశారా, ఇంకా చావలేదు నా పగ. ఆయనకిప్పుడు అరవై దాటాయి. మొన్న వారం కూడా కారు తెచ్చి, పక్కన స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పారు. నేను ఊ కొడుతూ ఆయిల్ మార్చాను.

ఇది పశ్చాత్తాపంతో రాస్తున్నావా, ఆయన చదవాలని రాస్తున్నావా అని మీరడిగితే నిజాయితీగా జవాబు చెప్పలేను. ఆయన భార్య మొహం గుర్తొస్తే మొదటిది. పేపరు పేజీ గుర్తొస్తే రెండోది. క్షమించమని ఎవరినీ అడగడం లేదు, అడిగే అర్హత కూడా లేదు. అమ్మ లేచి నిలబడనంది, ఆమె చేసింది తప్పు కాదు కనుక. నేను చేసింది తప్పు. అందుకని నిలబడ్డాను, ఈ కాగితం మీద.

సెక్రటరీ గారూ, మీ చెయ్యి కాల్చింది దేవుడు కాదండి. నేను.