జవాబు చెప్పిన గొంతు

మా అక్క పోయిందని ముళబాగిలు నుంచి ఫోను వచ్చినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది నేను తప్పిన మాట. ముప్పై ఏళ్లు దాటింది. "రేడియోలో జవాబులు చెప్పే గొంతు నీదేనక్కా" అన్నాను. నిలబెట్టుకోలేదు.

అప్పట్లో నేను రాబర్ట్‌సన్‌పేటలో గుమాస్తాగా పనిచేస్తూ బెంగళూరు రేడియోకు వ్యవసాయ సంభాషణలు రాసేవాణ్ణి. పట్టుపురుగును ముట్టుకోని నేను వాటి పెంపకం గురించి రాయగలిగానంటే అది అక్క చలవే. పెళ్లయి ముళబాగిలు దగ్గరి పల్లెకు వెళ్లినప్పటి నుంచి ఆ ఇంట్లో పురుగులు ఆమె చేతుల మీదే పెరిగాయి. గుమ్మం దగ్గర నిలబడి, అవి ఆకు నమిలే శబ్దం విని, ఎన్నో రోజో చెప్పేది. "చూసేది తర్వాత. ముందు విను" అనేది.

భర్త అడిగితే భార్య జవాబు చెప్పేలా రాసిన నా రాతప్రతిలో రేడియో కార్యక్రమ అధికారి ఎర్ర సిరాతో పాత్రలు తారుమారు చేశాడు. ప్రశ్నలు భార్యకు, జవాబులు భర్తకు. "ఆడమనిషి చెబితే రైతులు నమ్మరండీ" అన్నాడు. రేడియోలో వంటలూ పిల్లల జలుబులూ ఆడవాళ్లకు వదిలేసి, అదే ఉదారత అనుకున్న మనిషి. ఆయన పోయినప్పుడు పల్లెను ఎరిగినవాడని పత్రికలు రాశాయి. ఆ పత్రికను నేను పొయ్యిలో పెట్టాను.

ఆనాడు మాత్రం ఎదురు చెప్పలేదు. రేడియో కేంద్రానికి బస్సెక్కి వచ్చిన అక్క చేతికి ఆ మార్చిన కాగితాలే ఇచ్చాను. భర్త పాత్ర నేనే చదివాను. "పురుగులు మేత ముట్టడం లేదండీ, జబ్బేమో" అని ఆమె చదివింది. "పిచ్చిదానా, జబ్బు కాదు, నిద్ర" అని నేను నవ్వాను. పొర విడిచే ముందు పురుగులు మేత మాని నిద్రపోతాయన్న సంగతి నాకు చెప్పిందే ఆమె.

ప్రసారమైన మర్నాడు ఊళ్లో ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. "ఏమ్మా, ఇన్నేండ్లు పురుగులు సాకినావే, నిద్రకీ జబ్బుకీ తేడా తెలీదా నీకు?"

నేను మళ్లీ రేడియోకు రమ్మంటే, "యాడికిరా? తెలీనట్ల నటించేదానికా? ఇంగ చాలు" అంది.

నాలుగేళ్ల కిందట మా జిల్లాలో ఊళ్లవాళ్లే నడిపే ఒక చిన్న సముదాయ రేడియో, రైతులు ఫోను చేసి అడిగే కార్యక్రమం పెట్టి అక్కను పిలిచింది. "తోడు రా. నోరు మాత్రం తెరవద్దు" అని నన్ను తీసుకుపోయింది.

మొదటి ఫోను ఒక రైతుది. పురుగులు మేత మానేశాయట, రోగమని ఎవరో చెప్పారట, పురుగుల తట్టలన్నీ గుంతలో పోసేస్తానంటున్నాడు. అక్క గొంతు విని, "ఆడ సార్లు ఎవురూ లేరామ్మా?" అన్నాడు.

"ఉండాడప్పా ఒక సారు, నా పక్కనే. బీరువా నిండా పుస్తకాలు చదివినాడు. పురుగును అరచేతిలో పెడితే కుర్చీ ఎక్కుతాడు. ఫోను ఇయ్యమంటావా?"

అతను నవ్వాడు. "వద్దులేమ్మా, నువ్వే చెప్పు."

"నేను కాదు, అవే చెప్తాయి. ఫోను తట్ట కాడ పెట్టు. నువ్వు మాట్లాడొద్దు."

వ్యాఖ్యాత అమ్మాయి కంగారుగా గడియారం చూసింది. అక్క చెయ్యెత్తి ఆపింది. మొదట ఏమీ లేదు. తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి, సన్నగా, ఆకు కొరికే శబ్దం. చుట్టుపక్కల పల్లెల్లో రేడియో పెట్టినవాళ్లంతా అదే విన్నారు.

"చానా మటుకు నిద్రపోయినాయి. మిగిలినవీ పోతాండాయి. ఆకు వేయొద్దు. సున్నం చల్లు, గాలి ఆడనీ. ఎల్లుండికి లేస్తాయి. ఆ గుంత పూడ్చేయప్పా."

మూడో రోజు అతను మళ్లీ ఫోను చేసి, ఒక్క మాటా చెప్పకుండా తట్ట దగ్గర పెట్టాడు. లేచిన పురుగులు ఆకు నమిలే చప్పుడుతో ఆ సాయంత్రం రేడియోలో వాన కురిసింది.

ఆ తర్వాత ఆ కార్యక్రమం "రైతు సోదరులారా" అనడం మానేసింది. ఆడవాళ్లు ఫోను చేయడం మొదలుపెట్టారు. వాళ్లలో ఇద్దరు వచ్చి అక్క పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. ఆమెను సాగనంపిన రోజున కూడా కార్యక్రమం ఆగలేదు. ఆ ఇద్దరే జవాబులు చెప్పారు. ఫోను చేసినవాళ్లలో ఒక్కరూ సారు ఉన్నాడా అని అడగలేదు. ఎర్ర సిరా ఓడిపోయింది. గెలిచింది మా అక్క.

ఒకసారి ఆమె ముందు ఆ అధికారిని తిట్టిపోశాను. అక్క ఆకు తరుగుతోంది. "ఆయప్ప పేర్లు మార్చినాడు, సరే. జవాబులు చదివిందెవురు?" అంది. తల ఎత్తలేదు. కత్తి కింద ఆకు సన్నగా, ఒకే కొలతలో తెగుతూనే ఉంది.

ఆయన మీద నా కోపం పోలేదు, పోదు. కానీ ఇప్పటికీ నేను తప్పుపట్టేది మా అక్క తమ్ముణ్ణే.