హాల్లో గీసిన గది

మా అమ్మమ్మ దర్జీ. కొలవనిదే దేన్నీ నమ్మదు. నేను పుట్టినప్పుడు నర్సు చెప్పిన పొడవు మీద అనుమానమొచ్చి, మెడలోని టేపు తీసి మళ్లీ కొలిచిందట. అర అంగుళం తక్కువొచ్చిందని ఇప్పటికీ దెప్పుతుంది.

ఆవిడ పుట్టిన ఊరు సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ వాళ్లక్క, కొడుకింట్లో రెండు గదుల్లో ఆరుగురి మధ్య ఉంటోంది. ఈ మధ్య ఒక్కొక్కరినే మరిచిపోతోంది. కోడలిని మరిచిపోయింది, మనవల్ని మరిచిపోయింది. ఫోన్లో అమ్మమ్మ గొంతు మాత్రం గుర్తుపడుతోంది.

"అదీ పోకముందే వెళ్లి దాని పక్కనుండాలిరా," అంది అమ్మమ్మ.

వెళ్తే ఉండడానికి చోటేది? ఆ ఊళ్లో ఇప్పుడు గదులు నెలకి కాదు, రోజుకి ఇస్తున్నారు, సముద్రం చూడ్డానికొచ్చేవాళ్లకి. బ్రోకరు వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఆరు. ఇక్కడ మొత్తం ఇంటికి మేం కట్టే అద్దె ఆ ఒక్క గదికి. ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పమన్నాడు.

బట్ట కత్తిరించే ముందు ఏం చేస్తుందో అదే చేసింది అమ్మమ్మ. హాల్లో కుర్చీలన్నీ జరిపించి, సుద్దతో నేలమీద ఆ గదిని గీసింది, తలుపుతో సహా. మంచం, కుట్టుమిషను, స్టవ్వు అందులోకి మోయించింది.

"ఇది ట్రయలు. ఆదివారం దాకా ఇందులోనే ఉంటాను."

నిజంగానే ఉంది. తలుపు గీసిన చోటినుంచే వచ్చేది, పోయేది. నేను గీత తొక్కితే ఊరుకునేది కాదు.

"గోడలోంచి వస్తావేంట్రా? కళ్లు నెత్తిమీదున్నాయా?"

నేను తొమ్మిదో తరగతి దాటలేదు గానీ, వైశాల్యమంటే ఏమిటో ఆ వారమే తెలిసింది. మంచం అంచున కూర్చుని మిషను తొక్కుతుంటే ఆవిడ మోచెయ్యి స్టవ్వుకి తగిలేది.

"ఈ గది కుట్టినవాడెవడో గానీ లోపల ఒక్క అంగుళం గుడ్డ వదల్లేదు. మనిషి లావైతే ఎలాగ?"

"ఆ అద్దె కట్టాక తినడానికేం మిగుల్తుంది అమ్మమ్మా, లావవడానికి?"

స్కేలు విసిరింది. నవ్వింది కూడా. శనివారం సాయంత్రానికి సరిపోతుందని తేల్చేసింది.

ఆదివారం పొద్దున్నే బ్రోకరుకి ఫోన్ చేశాను. గది వేరేవాళ్లకి పోయిందన్నాడు. అదే అద్దెకి ఇంకోటుందట. ఆరుకి నాలుగు. కిటికీ లేదు.

అమ్మమ్మ తడిగుడ్డతో రెండు గోడలు తుడిచి, లోపలికి జరిపి మళ్లీ గీసింది. మంచం పెడితే మిషను పట్టలేదు. మిషను తీసేస్తే అద్దె ఎక్కణ్నుంచి వస్తుంది? మంచమే బయటికి పోయింది. ఆవిడ మిషను పక్కన చాప వేసుకుని పడుకుని చూసింది. పాదాలు గీత దాటాయి.

"అమ్మమ్మా, నీ కాళ్లు పక్కింట్లో ఉన్నాయి," అన్నాను.

మోకాళ్లు ముడుచుకుని పాదాలు లోపలికి తెచ్చుకుంది.

"ఇలా పడుకుంటాలే. ఏమవుతుంది?"

బుధవారానికి అదీ పోయింది. నిన్న ఫోన్లో వాళ్లక్క "ఎవరూ? ఎవరూ?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి గానీ "నువ్వటే" అనలేదు. అమ్మమ్మ చాలాసేపు మిషను ముందు కూర్చుంది, తొక్కకుండా.

ఇవాళ పొద్దున బ్రోకరే ఫోన్ చేసి ఇంకో గది కొలత చెప్పాడు. నేను గట్టిగా చెప్పాను, ఆవిడకి వినిపించేలా.

"సుద్ద అయిపోయిందిరా. తర్వాత చూద్దాం," అంది, తలెత్తకుండా.

మిషను సొరుగులో రెండు సుద్దముక్కలున్నాయి. పొద్దున నేనే చూశాను. ఇంకోరోజైతే తీసి చేతిలో పెట్టి ఏడిపించేవాణ్ని. ఇవాళ చుట్టూ తిరిగి గీసిన తలుపులోంచే లోపలికెళ్లి, కాళ్లు ముడుచుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను.