కావలికి పోయిన చేను: నాగలింగప్ప అయ్యవారు

ఆదోని బస్సు కండక్టరు ఎమ్మిగనూరులో మా బడి గుమ్మం దాకా వచ్చి, "సార్, ఆస్పరిలో నాగలింగప్ప అయ్యవారు పోయినారంట" అని చెప్పి వెళ్ళిపోయాడు. సుద్దముక్క నా చేతిలోనే ఉండిపోయింది. ఆదోని ఉన్నత పాఠశాలలో నాతో కలిసి చరిత్ర బోధించిన పెద్దాయన, నాకు గురుతుల్యుడు, ఇక లేరన్న మాట మూడు రోజులైనా మనసుకెక్కడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచడం లేదు.

'దత్తమండలాలు' అన్న మాట వింటే ఆయనకు ఒళ్ళు మండేది. నిజాం తన రక్షణకు కుంపిణీ పటాలాలను తెచ్చిపెట్టుకుని, వాటి ఖర్చు కింద మన సీమను రాసిచ్చిన పాఠం వస్తే, పుస్తకంలో 'దత్త' అన్న అక్షరాలను పిల్లలచేత కొట్టివేయించేవారు. "దత్తమేందిరా, దానమిచ్చినాడా? అది కావలి కూలి. సేనికి కావలోణ్ణి పెట్టుకుంటే వాడు కూలి గింజలతోనే సరిపెట్టుకోడు. ఏం విత్తల్లో, ఎవురితో మాట్లాడల్లో గూడా వాడే సెప్తాడు" అనేవారు. ఆ పాఠం మరచిన పిల్లవాణ్ణి నేను చూడలేదు.

పొరుగుదేశం ఒక అగ్రరాజ్యం దగ్గర ఆయుధాలు పుచ్చుకుంటోందని పత్రికలు గగ్గోలు పెట్టిన రోజుల్లో, ఆదోని గ్రంథాలయ సభలో ఆయన ఈ కావలి కథే చెప్పారు. చప్పట్లు మోగాయి. సిక్కిం అప్పటికింకా వేరే రాజ్యం; దాని రక్షణ, బయటి దేశాలతో దాని వ్యవహారాలు మన దేశం చేతిలో ఉండేవి. నాది దుడుకు వయసు. లేచి, "అయ్యవారూ, మరి సిక్కింకు కావలి మనమే గదా?" అన్నాను. సభ ఘొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇది నాకు తట్టలేదప్పా" అని కూర్చున్నారు. వారం తిరక్కముందే ఆ ప్రశ్నను తరగతిలో పిల్లల ముందు పెట్టారు.

దేశానికి వ్యతిరేకంగా పాఠం చెబుతున్నారని ఎవరో అర్జీ పెట్టారు. విచారణకు వచ్చిన అధికారి, "ఈ ప్రశ్న మొదట ఎవరిది?" అన్నాడు. నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. నేను తల వంచుకున్నాను.

"నాదే" అన్నారు అయ్యవారు.

ప్రధానోపాధ్యాయుడు కావలసిన మనిషిని, ఆ పదవి ఇవ్వకుండా ఆస్పరికి మార్చారు. సిగ్గు చంపుకుని ఒకసారి అక్కడికి వెళ్ళాను. "ఎందుకట్ల సెప్తిరి?" అని అడిగితే, రొట్టె నా ముందుకు జరిపి, "నౌకరీ పోతే నీకు నోరు గూడా పోతాది. అడిగే నోరు ఒకటన్నా మిగలల్ల గదప్పా" అన్నారు. ఒక్క నిష్ఠూరపు మాట లేదు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

నా ఉద్యోగం ఖాయమైంది. ఏటేటా ఆ పాఠం వస్తూనే ఉంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి, గంట కొట్టగానే బయటపడుతున్నాను.

ఆ సత్యసంధునికి సాష్టాంగపడి నమస్కరిస్తున్నాను. ఆయన లోటు తీర్చేదెవరని అందరూ అడుగుతున్నారు. అందుకే కాబోలు ఆయన తన పదవిని ధారపోసి నా నోటిని కాపాడారు. నిన్నటి సంతాపసభలో, ఆయనను ఆస్పరికి ఎందుకు మార్చారని ఒకరు అడిగినప్పుడు కూడా ఆ నోరు పెగల్లేదు.