మా కెమిస్ట్రీ మేడంగారు అడిగిన ప్రశ్న

మా కెమిస్ట్రీ మేడంగారు పోయేరని రాజోలు నుంచి వాళ్ళ తమ్ముడుగారు మంగళవారం కాలేజీకి ఫోన్ చేసి చెప్పేరు. ఆవిడ దగ్గర చదువుకుని, ఆవిడ ల్యాబులోనే డిమాన్‌స్ట్రేటరుగా చేరినవాణ్ణి. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆవిడ పరిశోధనని కాజేసిన ప్రొఫెసరు మాత్రం నిక్షేపంలా ఉన్నాడు.

సంతాపసభలో చదవమని ఆయన ఉత్తరం కూడా పంపేడు. "నా ప్రియశిష్యురాలు" అని రాసేడందులో. చదవలేదండి. ఎందుకో చెప్తాను.

డెబ్బైల మొదట్లో మేడంగారు అమలాపురంలో మా కాలేజీ ఉద్యోగానికి సెలవు పెట్టి, యూనివర్సిటీలో ఆయన దగ్గర పరిశోధనకి చేరేరు. కూలిపనికెళ్ళే ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, అంతదూరం వెళ్ళిన మనిషి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఒక మందు మీద పని. ఆ మందులో అణువులు రెండు రూపాల్లో ఉంటాయి, ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. మాకు పాఠం చెప్పేటప్పుడు చెప్పులు విప్పి బల్ల మీద పెట్టేసేవారు. "కుడిది ఎడమకాలికి తొడిగి నడవండి చూద్దాం. రక్తంలో ప్రోటీనుకీ ఆ తేడా తెలుస్తుందండీ," అనేవారు. ఒక రూపాన్ని ప్రోటీను గట్టిగా పట్టుకుంటుంది, రెండోదాన్ని అంతగా పట్టుకోదు. పట్టుబడకుండా మిగిలిందే ఒంట్లో పనిచేస్తుంది. రెంటినీ ఒకటే అనుకుంటే ముప్పు రోగికే.

ఏ రూపాన్ని ప్రోటీను ఎంత పట్టుకుంటుందో నాలుగేళ్ళు కొలిచేరు. "నీ అంకెలన్నీ తప్పు" అని ప్రొఫెసరు థీసిస్ తిప్పికొట్టేడు. ఏడాది తిరక్కుండా అవే అంకెలు తన పేరూ మేనల్లుడి పేరూ పెట్టి అచ్చేయించుకున్నాడు. డాక్టరేటు లేకుండా తిరిగొచ్చేరు మేడంగారు.

"పాస్టరుగారు క్షమించమంటున్నారండి. ఆయ్, క్షమిస్తాను. ముందు ఆ ప్రొఫెసరుగారు నన్ను క్షమాపణ అడగాలి కదండీ," అనేవారు.

ఎనభైల్లో మా కాలేజీవాళ్ళు ఆయన్నే సన్మానానికి పిలిచేరు. ఆయన ఆ పరిశోధన గురించే గంటసేపు మాట్లాడేడు. అయ్యాక నా పక్కనుంచి మేడంగారు లేచేరు.

"చిన్న సందేహమండి. పలచటి సంచుల్లో ప్రోటీను పోసి, మందు కలిపిన నీళ్ళలో ముంచేరు కదండీ. మొదటి మూణ్ణెల్ల ఫలితాలు ఎందుకు పారెయ్యాల్సొచ్చిందండీ?"

ఆయన నీళ్ళు నమిలేడు. "అవన్నీ స్టూడెంట్లు చూసుకునేవారమ్మా."

"ఏ స్టూడెంటండీ?"

మేడంగారు హాలు వైపు తిరిగేరు.

"మందు ప్రోటీనుకి కాకుండా సంచికే అంటుకుపోయిందండి. అవి పారబోసింది నేను. వేరే సంచి వెతికి మళ్ళీ మొదలెట్టిందీ నేనే." అంతే, కూర్చున్నారు.

శాలువా కప్పించుకోకుండానే ఆయన కారెక్కేడు. మర్యాద తప్పేరని ప్రిన్సిపాలుగారు మేడంగారి దగ్గర సంజాయిషీ రాయించుకున్నారు. అచ్చయిన కాగితం మీద ఆవిడ పేరు ఎప్పటికీ ఎక్కలేదు.

కానీ ఆ సాయంత్రం ఆవిణ్ణి రాజోలు బస్సు ఎక్కించింది నేనే. కిటికీ పక్కన కూర్చుని, పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టేరు. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆవిడ భుజాలు అదురుతూనే ఉన్నాయి.